పట్టూ విడుపూ: తిరుపతి దారుల్లో వేగం కథ

1944 ఏప్రిల్ 10న మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ తిరుమల ఘాట్ రోడ్డును ప్రారంభించేదాకా ఆ కొండ మీద వేగం గురించి ఎవరూ ఆలోచించాల్సిన పని లేకపోయింది. నడవగలిగినవాళ్లు అలిపిరి మెట్ల మీదుగా నడిచారు. నడవలేనివాళ్లు డోలీ ఎక్కారు. మోసేవాళ్లకు ఊపిరి ఎంత ఉంటే వేగం అంత. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సాంకేతిక సలహా కూడా తోడై, శేషాచలం కొండల్ని చుట్టుకుంటూ దాదాపు 19 కిలోమీటర్ల దారి పడింది. అందులో గుండుపిన్నులా తిరిగే మలుపులు 36. బస్సు కొండెక్కింది. అక్కడి నుంచి అసలు చిక్కు మొదలైంది, ఎందుకంటే ఎక్కినది దిగాలి కదా.

తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంటే తిరుమల 850 మీటర్ల దరిదాపుల్లో ఉంది. అంటే దాదాపు 700 మీటర్ల దిగుడు. ఒకటిన్నర టన్నుల కారు అంత ఎత్తు నుంచి దిగేటప్పుడు వదిలించుకోవాల్సిన శక్తిని కరెంటు లెక్కలో చెబితే మూడు యూనిట్లకు కాస్త తక్కువ. కాగితం మీద చిన్న అంకెలాగే ఉంటుంది. అదంతా నాలుగు చక్రాల బ్రేకుల్లో వేడిగా మారితే మాత్రం కింద అలిపిరికి చేరేసరికి లైనర్ల కమురు వాసన కారులోకి వస్తుంది. వేడికి బ్రేకు ఆయిల్ మరిగి బుడగలు కడితే పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది. అందుకే పాతతరం ఘాట్ డ్రైవర్లు కుర్రవాళ్లకు మొదట నేర్పేది ఒకటే: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వేసి దించేవాణ్ణి తోటి డ్రైవర్లే తిట్టిపోస్తారు.

1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చింది. ఎక్కడానికి కొత్త దారి, దిగడానికి పాత దారి అన్న ఏర్పాటు కుదిరింది. మెలికలు ఎక్కువున్న దారిని దిగడానికి ఉంచారేమిటని కొత్తగా వచ్చినవాళ్లు ఆశ్చర్యపోతారు కానీ, ఎదురు బండి రాకపోవడమే ఆ దారికి పెద్ద రక్ష.

అయినా తొందర తగ్గలేదు. దానికి విరుగుడుగా వచ్చినదే టైము స్లిప్పు. బయలుదేరే టోల్ గేటులో సమయం నమోదవుతుంది, చేరుకునే గేటులో సరిచూస్తారు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలి. అంతకంటే ముందే చేరితే జరిమానా. ఊళ్లో ఆలస్యానికి జరిమానా వేసేవాళ్లను చూశాం, ముందుగా వచ్చినందుకు వేసేవాళ్లను ఇక్కడే చూస్తాం. లెక్క కడితే ఎక్కేటప్పుడు సగటు వేగం గంటకు సుమారు 40 కిలోమీటర్లకు, దిగేటప్పుడు 29కి మించకూడదన్నమాట. తీగ, చిప్పు ఏమీ లేకుండా గడియారంతో నడిచే వేగ నియంత్రణ ఇది. దీనికీ ఒక లోపం ఉంది: అది సగటును మాత్రమే చూస్తుంది. మలుపుల్లో దూకించి, గేటు కనబడే ముందు చెట్టు నీడన ఆగి టీ తాగుతూ నిమిషాలు కరిగించే డ్రైవరును స్లిప్పు పట్టుకోలేదు.

వేగాన్ని మనిషి చేతిలోంచి తీసి యంత్రానికి అప్పగించే పని ఇంతకంటే చాలా పాతది. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి రెండు ఇనుప గుండ్లు బిగించాడు. యంత్రం జోరు పెరిగితే గుండ్లు తిరుగుతూ బయటికి విచ్చుకుంటాయి, ఆవిరి దారి మూసుకుంటుంది. జోరు తగ్గితే గుండ్లు ముడుచుకుంటాయి, దారి తెరుచుకుంటుంది. అంతకుముందే గాలిమరల్లో తిరగలి రాళ్ల కోసం వాడుతున్న కిటుకును వాట్ ఆవిరికి తెచ్చాడు. దాని పేరు గవర్నరు.

చిత్తూరు జిల్లా పల్లెలకు ఆ గవర్నరు ఆయిల్ ఇంజను రూపంలో వచ్చింది. కరెంటు మోటార్లు రాకముందు మెట్ట బావుల మీద, చెరకు గానుగల దగ్గర డుబ్ డుబ్ మంటూ కొట్టుకున్న ఇంజన్లవి. చెరకు గడలు గుత్తంగా పెట్టగానే ఇంజను గొంతు బరువెక్కుతుంది. ఒకట్రెండు క్షణాల్లో గవర్నరు నూనె పెంచుతుంది, మళ్లీ పాత లయ. బెల్టు జారిపోతే ఇంజను ఒక్కసారి ఎగిరినట్టయి, గుండ్లు విచ్చుకుని, సర్దుకుంటుంది. గుండ్ల చీలలు అరిగితే ఆ సర్దుబాటు కుదరదు. ఇంజను ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ కొట్టుకుంటూ ఊగిసలాడుతుంది. మెకానిక్కులు దీన్ని ‘హంటింగ్’ అంటారు. ఇప్పుడు కాలు తీసేసినా కారు వేగాన్ని పట్టి ఉంచే క్రూజ్ కంట్రోల్‌ను బాగు చేసేవాళ్ల నోట కూడా అదే మాట వినిపిస్తుంది. కారు 80 దగ్గర నిలవకుండా 76కూ 84కూ మధ్య ఊగుతుంటే హంటింగ్ అనే అంటారు.

రోడ్డు మీదికి ఈ గవర్నరు గుండ్లు లేకుండా, ఇంకో వేషంలో వచ్చింది. పాత డీజిల్ జీపుల్లో, ట్రాక్టర్లలో చాలావాటికి డీజిల్ పంపు వెనక గుండ్రటి డబ్బా ఒకటి ఉండేది. లోపల తోలు పొర. ఇంజను పీల్చుకునే గాలి దారి నుంచి సన్నటి గొట్టం ఆ డబ్బాలోకి వస్తుంది. ఇంజను జోరుగా పీలిస్తే పొర వెనక్కి లాగబడి డీజిల్ తగ్గుతుంది, పీల్పు తగ్గితే వెనకున్న స్ప్రింగు పొరను ముందుకు నెట్టి డీజిల్ పెంచుతుంది. తెలివైన ఏర్పాటే, కానీ అందులో ఒక ప్రమాదం దాగి ఉంది. ఆ స్ప్రింగు నెట్టేది డీజిల్ పెరిగే వైపు. పొర ఎండి పిగిలినా, గొట్టం ఊడినా పట్టి ఉంచేది ఏదీ మిగలదు. చిన్న చిల్లి పడితే నల్ల పొగ, నిలకడ లేని ఐడ్లింగ్. పూర్తిగా చిరిగితే ఇంజను అరుపు అందుకుంటుంది. అనుభవమున్న మెకానిక్కు అప్పుడు డబ్బా జోలికి పోడు, ముందు డీజిల్ ఆపేస్తాడు. డబ్బా విప్పి తోలును వెలుతురుకు ఎత్తిపట్టి చూడడం ఆ తర్వాతి పని.

పట్టు తప్పినప్పుడు యంత్రం ఏ వైపు పడుతుంది? వేగాన్ని పట్టే పరికరాల చరిత్రంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది.

కారులో క్రూజ్ కంట్రోల్ కనిపెట్టిన మనిషికి రోడ్డు కనిపించేది కాదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 1890లో పుట్టిన రాల్ఫ్ టీటర్‌కు ఐదేళ్ల వయసులో చూపు పోయింది. అయినా 1912లో మెకానికల్ ఇంజనీరయ్యాడు. పిస్టన్ రింగుల కంపెనీ పర్ఫెక్ట్ సర్కిల్‌కు అధ్యక్షుడయ్యాడు, 1936లో అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘానికీ అధ్యక్షత వహించాడు. ఆయన లాయరుకు ఒక అలవాటు ఉండేదట. కారు నడుపుతూ తను మాట్లాడేటప్పుడు వేగం తగ్గించేవాడు, ఎదుటివాళ్ల మాట వినేటప్పుడు పెంచేవాడు. కళ్లున్నవాళ్లు పట్టించుకోని ఆ కుదుపు టీటర్ ఒంటికి బాగా తెలిసేది. యుద్ధకాలంలో అమెరికా పెట్టిన గంటకు 35 మైళ్ల వేగపరిమితి కూడా ఆ ఆలోచనకు ఊతమిచ్చింది. 1950లో పేటెంటు దక్కింది. డ్రైవ్ షాఫ్టుతో తిరిగే వాట్ గుండ్లు, ఇంజను పీల్పుతో కదిలే పిస్టన్ కలిసి, అనుకున్న వేగం దాటగానే యాక్సిలరేటర్ పెడల్‌ను పాదం మీదికి ఎదురు నెట్టేవి. 1958లో క్రైస్లర్ తన ఇంపీరియల్, న్యూయార్కర్, విండ్సర్ కార్లలో దాన్ని ‘ఆటో పైలట్’ పేరుతో అమ్మింది. 1973 చమురు సంక్షోభంలో పెట్రోలు పొదుపు కోసం జనం దాని వైపు మొగ్గారు.

తర్వాతి దశాబ్దాల క్రూజ్ కంట్రోల్‌లోనూ రబ్బరు పొర ఉన్న డబ్బా, సన్నటి గొట్టం, త్రాటిల్‌ను లాగే తీగ ఉండేవి. చిత్తూరు జీపు మెకానిక్కు చూస్తే వెంటనే గుర్తుపట్టే సరంజామా. తేడా స్ప్రింగు వైపులో ఉంది. ఇక్కడ పొర చిరిగితే, గొట్టం ఊడితే, త్రాటిల్ మూసుకుంటుంది. బండి నిదానిస్తుంది. చాలావాటిలో బ్రేకు పెడల్ దగ్గర రెండు విడుపులు పెట్టారు: ఒకటి కరెంటు తెంపే స్విచ్చి, రెండోది గాలిని లోపలికి వదిలి పొరను చప్పబరిచే వాల్వు. ఒకటి మొరాయించినా రెండోది పనిచేయాలని.

ఆ విడుపు స్విచ్చే నిప్పు పెట్టిన కథ ఒకటుంది. ఫోర్డ్ కార్లలో బ్రేకు ఆయిల్ ఒత్తిడితో పనిచేసే స్విచ్చి ఒకటి క్రూజ్‌ను విడిపించేది. దాని లోపలి సన్నటి పొర కాలం గడిచేకొద్దీ చిట్లి, ఆయిల్ కరెంటు వైపుకి జారేది. స్విచ్చికి ఎప్పుడూ కరెంటు అంది ఉండడం వల్ల తాళం తీసి షెడ్డులో నిలిపిన కార్లు కూడా అంటుకున్నాయి. 1999లో మొదలైన వెనక్కి పిలుపులు 2009 నాటికి దాదాపు 1.4 కోట్ల బండ్లకు చేరాయి. అమెరికా వాహన చరిత్రలో అతి పెద్ద పిలుపుల్లో ఇదొకటి. కారణం అరచేతిలో పట్టే స్విచ్చి.

మన దగ్గర క్రూజ్ కంట్రోల్ ఆలస్యంగా వచ్చింది. దానికి తోడు చట్టం రూపంలో వేగ పరిమితి పరికరం వచ్చింది. 2015 ఏప్రిల్ 15న కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్‌తో ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి తయారయ్యే రవాణా వాహనాల్లో చాలావాటికి 80 కిలోమీటర్ల స్పీడ్ గవర్నరు తప్పనిసరైంది. స్కూలు బస్సులకు, ట్యాంకర్లకు 60. గవర్నరునూ క్రూజ్‌నూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. గవర్నరు 80 దాటనివ్వదు, అంతే. క్రూజ్ కాలు తీసేసినా 80ని పట్టి ఉంచుతుంది. 2016 ఏప్రిల్‌లో ఇప్పటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం మొదలైంది. అక్కడ తయారయ్యే బండ్ల మేలురకాల్లో క్రూజ్ బొత్తాలు కనిపిస్తాయి. 2020లో ఎంజీ గ్లాస్టర్, 2021లో మహీంద్రా ఎక్స్‌యూవీ 700 ముందు బండికి ఎడం పాటించే రాడార్ క్రూజ్‌తో మన మార్కెట్లోకి వచ్చాయి. జపాన్‌లో మిత్సుబిషి 1995లోనే లేజర్‌తో, జర్మనీలో మెర్సిడెస్ 1999లోనే రాడార్‌తో చేసిన పని ఇది.

ఇక షెడ్డులోకి వస్తే, క్రూజ్ పట్టడం లేదని వచ్చే కార్లలో కొన్నిటికి అసలు జబ్బే ఉండదు. చాలా క్రూజ్‌లు 30, 40 కిలోమీటర్ల లోపు పట్టుకోవు. తిరుమల సగటు వేగాలు సరిగ్గా ఆ గీత దగ్గరో, కిందో ఉంటాయి. కొండ మీద బొత్తాం నొక్కి, పట్టలేదని మెకానిక్కు దగ్గరికి వచ్చిన యజమానికి మంచి మెకానిక్కు బిల్లు వేయడు, హైవే మీద నడిపి చూపిస్తాడు. మామూలు క్రూజ్ పెట్రోలు తగ్గించగలదు కానీ బ్రేకు వేయలేదు. పల్లంలో 60 పెడితే 75 అయిందంటే అదీ జబ్బు కాదు.

జబ్బు నిజమైతే వెతుకులాట పెడల్ దగ్గరే మొదలవుతుంది. ఖర్చు లేని పరీక్ష ముందు: కారును గోడకు వెనక్కి నిలిపి, బ్రేకు నొక్కి, వెనక దీపాల వెలుగు గోడ మీద చూడడం. వెలగకపోయినా, కాలు తీశాక ఆరకపోయినా దోషి దొరికినట్టే. నేటి కార్లలో స్టాప్ లైట్ స్విచ్చి లోపల రెండు దారులుంటాయి. నొక్కగానే ఒకటి తెరుచుకోవాలి, ఇంకొకటి మూసుకోవాలి. రెండూ ఒకే మాట చెప్పకపోతే కంప్యూటరు క్రూజ్‌ను ఒప్పుకోదు, ఎందుకంటే విడుపు మీద దానికి నమ్మకం పోతుంది. స్కానర్ పెడితే పి0571 అనో, పి0504 అనో కోడ్ కనబడుతుంది. కోడ్ కొట్టేసి పంపడం దొంగ వైద్యం. లైవ్ డేటాలో పెడల్‌ను మెల్లగా నొక్కుతూ రెండు దారులూ ఒకేసారి మారుతున్నాయా అని చూడాలి. చాలాసార్లు స్విచ్చి పాడై ఉండదు, మూతి పెడల్‌కు సరిగా తగలకుండా పక్కకు జరిగి ఉంటుంది. లాగి మళ్లీ సరైన ఎడంలో కూర్చోబెడితే చాలు. 36 మలుపులున్న దారిలో రోజూ దిగే ట్యాక్సీలో ఆ స్విచ్చి ఎన్నిసార్లు నొక్కబడుతుందో ఊహించుకుంటే అరుగుదల మీద ఫిర్యాదు చేయబుద్ధి కాదు.

పెడల్ బాగుంటే క్లచ్ స్విచ్చి, ఆ తర్వాత చక్రాల దగ్గరి వేగం సెన్సార్లు. బురద, తుప్పు, ఎలుక కొరికిన తీగ, ఏదైనా కావచ్చు. ఏబీఎస్ దీపం కూడా వెలుగుతుంటే చూపు అటే పోవాలి. కొన్ని పాత విదేశీ కార్లలో క్రూజ్ పెట్టెకు ఎర్త్ దారి బ్రేకు బల్బుల గుండా ఉండేది. వాటిలో రెండు బల్బులూ మాడినా, బల్బు తీసి అందమైన ఎల్‌ఈడీ పెట్టినా క్రూజ్ చచ్చిపోయేది. పెద్ద పెట్టె మార్చిన తర్వాత ఈ సంగతి తెలుసుకుని తల పట్టుకున్న షెడ్లు ప్రపంచమంతా ఉన్నాయి.

ఇంకో ఆనవాలు హారన్. క్రూజ్ బొత్తాలూ, హారనూ ఒకేసారి మూగబోయి, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగిందంటే మూడింటికీ స్టీరింగు లోపల చుట్టలు తిరిగి ఉండే పట్టీ తీగే దారి. దాన్నే క్లాక్ స్ప్రింగ్ అంటారు. తెగితే అతుకులు పెట్టకూడదు, మార్చాలి. ఎయిర్‌బ్యాగ్ పక్కనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ తీగ విప్పి, కాసేపు ఆగి మొదలుపెట్టాలి. ఆ కొద్ది నిమిషాలకు ఓపిక పట్టని మెకానిక్కుకు కారు ఇవ్వకపోవడం మేలు.

రాడార్ క్రూజ్‌కు ఈ ఊళ్లో ప్రత్యేకమైన తద్దినం ఒకటి ఉంది. కొత్త కారుకు అలిపిరిలోనో, కాణిపాకంలోనో పూజ చేయించడం మామూలు. బంతిపూల దండ బంపరు మధ్యలో రాడార్‌కు అడ్డంగా వేలాడినా, అద్దం పైభాగంలో కెమెరా ముందు పసుపు కుంకుమలు పడినా సెన్సారుకు ఎదుట ఏమీ కనబడదు. తెర మీద హెచ్చరిక వస్తుంది, క్రూజ్ విడిచేస్తుంది. అది చెడిపోవడం కాదు, బుద్ధిగా పనిచేయడం. దండ పక్కకు జరిపి, మెత్తటి గుడ్డతో తుడిస్తే సరి. బంపరుకో, ముందు అద్దానికో దెబ్బ తగిలి మార్పించినప్పుడు మాత్రం తుడిస్తే సరిపోదు. సెన్సారు చూపును మళ్లీ సరిచేయించాలి. సన్నటి వంకర ఉన్నా వంద మీటర్ల అవతల పక్క వరుసలోని లారీని తన ముందు బండి అనుకుంటుంది.

ఘాట్‌లో కథ మరో మలుపు తిరిగింది. 2022 సెప్టెంబరులో తిరుపతికి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. మొత్తం వందలో సగం తిరుమల దారికే. దిగేటప్పుడు వాటి మోటారు జనరేటరుగా మారి, బండిని వెనక్కి పట్టుకుంటూ బ్యాటరీ నింపుతుంది. మనుషులతో కలిపి 13 టన్నుల బస్సు అనుకుంటే ఆ 700 మీటర్ల దిగుడులో ఉన్నది సుమారు 25 యూనిట్లు. ఒకప్పుడు లైనర్లను కాల్చిన ఆ శక్తిలో కొంత ఇప్పుడు మళ్లీ కొండెక్కడానికి పనికొస్తోంది. గేరులో దిగమన్న పాత డ్రైవర్ల మాటను మోటారే పాటిస్తోందన్నమాట.

మైదానంలో వేగం మాత్రం పెరగబోతోంది. చిత్తూరు జిల్లా గుండా పోతున్న 262 కిలోమీటర్ల బెంగళూరు – చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే గంటకు 120 కిలోమీటర్ల కోసం రూపొందింది. క్రూజ్ బొత్తాలకు అసలు పని అక్కడ పడుతుంది, దాంతోపాటు ఈ మరమ్మతులూ పెరుగుతాయి. కాబట్టి క్రూజ్ బాగు చేయించుకునేవాళ్లు ఒక పని చేయండి. కారు తీసుకునేటప్పుడు అది వేగాన్ని పట్టిందో లేదో చూసి సంతృప్తి పడొద్దు. ఖాళీ రోడ్డు మీద, మెకానిక్కును పక్కన కూర్చోబెట్టుకుని, బ్రేకును వేలితో తాకినంత మెల్లగా నొక్కి అది వెంటనే విడిచిందో లేదో చూడండి. క్లచ్‌తో ఒకసారి, క్యాన్సిల్ బొత్తాంతో ఒకసారి చూడండి. పలమనేరు వైపు మొగిలి ఘాట్ వచ్చినా, భాకరాపేట ఘాట్ వచ్చినా, అలిపిరి గేటు దాటినా క్రూజ్ ఆపేసి గేరు తగ్గించండి.